ఒకరికి ఫాంటసీ పిచ్చి, ఒకరికి జీవిత చరిత్రలంటే విరక్తి: సెలవులకు ఏ పుస్తకాలు ఇవ్వమంటారు?

సుబేదారి అమ్మ:
నమస్తే అండి. మాది హన్మకొండ. పాప ఈసారి ఎనిమిదికి వస్తుంది, బాబు పదికి. ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే. పాపకు పుస్తకం దొరికితే అన్నం గుర్తుండదు. పెర్సీ జాక్సన్ మొదటి ఐదు భాగాలూ అవగొట్టి ‘ఇంకేమున్నాయి’ అని నా వెంటపడుతోంది. బాబుది వేరే కథ. బడిలో ప్రాజెక్టు వర్కు పేరు చెప్పి మహనీయుల జీవిత చరిత్రలు రాయించీ రాయించీ ఆ మాటంటేనే మొహం తిప్పుకునేలా చేశారు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చదువు, బిరుదులు, చనిపోయిన తేదీ. మొన్న రాస్తూ రాస్తూ ‘మమ్మీ, వీళ్లందరూ ఒక్కరేనా?’ అన్నాడు. నవ్వొచ్చింది గాని వాడన్నదాంట్లో తప్పేముంది? ఇద్దరికీ తెలుగు చదవడం వచ్చు, కాకపోతే కూడబలుక్కుంటూ చదువుతారు, పేజీ తిరిగేసరికి ఓపిక అయిపోతుంది. మీ పిల్లలు నిజంగా చదివినవి చెప్పండి. ‘మంచి పుస్తకం, చదివించండి’ అని పేర్లు మాత్రం రాసి పోవద్దు, ప్లీజ్.

చందమామ పిచ్చోడు:
అక్కా, పాప సంగతి నాకు వదిలెయ్యండి. చందమామలో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఇవ్వండి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ ఏళ్ల తరబడి రాశారాయన. విచిత్రం ఏంటంటే వాటి మీద ఆయన పేరే వేసేవాళ్లు కాదు. మనకు తెలిసింది ‘చిత్రా’ గారి బొమ్మలే. ఆ మకరాలూ, కొమ్ముల రాక్షసులూ, మంత్రదండం పట్టుకున్న గడ్డపాయనలూ ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో పోతుంటే ఒక్క పేజీ ఊరికే పోదు, ఏదో ఒకటి మీద పడుతుంది, తప్పించుకున్నారు అనుకునేలోపు ఇంకొకటి. సరిగ్గా అక్కడ ‘ఇంకా ఉంది’. నెల రోజులు ఆగాలి! ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు, పుస్తకాలుగా కూడా వచ్చాయి కాబట్టి ఒక్క ఊపులో చదువుకోవచ్చు. ఇంకోటి, ఆ వాక్యాలు చిన్నవి. కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం చూసుకున్న రోజుల్లో చందమామ తెలుగు అంత తేటగా ఉండేది. కూడబలుక్కునే పిల్లలకు అదే కావాలి. వర్ణనలు లేవు, ఉపన్యాసాలు లేవు, పని జరుగుతూ ఉంటుంది.

కాజీపేట జంక్షన్:
నాది రైల్వే ఉద్యోగం, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటది, ముందే చెప్తున్నా. బాబుకు జీవిత చరిత్రలు ఇప్పుడే వద్దు. ముందు సాహసం ఇయ్యండి. బెంగాలీలో బిభూతిభూషణ్ రాసిన చాందేర్ పహాడ్ అని ఉంది, పుస్తకంగా 1937లో వచ్చింది, ఇంగ్లీషులో దొరుకుతది. బెంగాల్ పల్లెటూరి పిల్లగాడు శంకర్, ఊళ్లో జూట్ మిల్లు నౌకరీ తప్ప వేరే దారి లేదు, అట్లాంటోడు ఆఫ్రికాలో రైల్వే పనికి పోతాడు. తర్వాత ఒక చిన్న స్టేషన్‌కు మాస్టర్. చుట్టూ గడ్డి మైదానం, మనిషి జాడ లేదు, రాత్రి అయితే ప్లాట్‌ఫారం మీదికి సింహం వస్తది. ఒక రాత్రి మెలకువ వస్తే గదిలో బ్లాక్ మాంబా పాము, చేతిలో టార్చిలైటు. ఆ అధ్యాయం మా వాడికి చదివి వినిపించిన, గుడ్లు మిటకరించి కూర్చున్నడు. అసలు సంగతి ఏందంటే బిభూతిభూషణ్ ఆఫ్రికా మొహమే చూడలేదు! పుస్తకాలు, పటాలు ముందేసుకుని రాసిండు. ఇది వినగానే మావాడు ‘అయితే నేను కూడా రాయొచ్చు కదా డాడీ’ అన్నడు.

రెండోది ట్రెజర్ ఐలాండ్. పూర్తి పుస్తకం అక్కర్లేదు, సంక్షిప్తం అయినా సరే. జిమ్ అనే పిల్లగాడు ఓడ మీద ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగుతడు, పండ్లు అడుగున ఉంటయి మరి. కూర్చుని కునుకు పట్టేలోపు పీపాకు ఆనుకుని ఎవరో కూర్చుంటరు. గొంతు గుర్తుపడతడు. వంటవాడు సిల్వర్. అంతదాకా జిమ్‌తో ప్రేమగా ఉన్న మనిషి. ఇప్పుడు అదే గొంతుతో ఓడ ఎట్లా పట్టుకోవాలో, ఎవర్ని చంపాలో మాట్లాడుతుంటడు. అక్కడ పుస్తకం మూసి లేచి పోండి. మిగతాది వాడే చదువుకుంటడు.

ర్యాంకర్ నాన్న:
ఏమనుకోకండి, పదికి వచ్చే పిల్లవాడికి సముద్రపు దొంగలు, దయ్యాలు, మాంత్రికులు ఏంటండి? మా వీధిలో అందరూ సెలవుల్లోనే ఫౌండేషన్ క్లాసులు మొదలుపెట్టేశారు. చదవాలనుకుంటే ఏ కలాం గారి పుస్తకమో ఇవ్వండి, ప్రయోజనం ఉంటుంది. ఊహల్లో తేలే పుస్తకాలకు ఇంటర్ అయిపోయాక బోలెడు టైం ఉంటుంది.

పదో క్లాసు పిల్ల:
అంకుల్, ఇంటర్ అయ్యాక టైం ఉంటుందని మా అక్కకు కూడా చెప్పారు. ఇప్పుడు తను బీటెక్, పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకు నిద్రొస్తుందట. అలవాటు తప్పిపోయింది. 

పెద్దవాళ్లందరికీ ఒక రిక్వెస్ట్. పుస్తకం ఇవ్వండి, తర్వాత మమ్మల్ని వదిలేయండి. అయిపోగానే ‘దీనివల్ల ఏం తెలుసుకున్నావ్’ అని అడక్కండి. మీరు సినిమా చూసి వస్తే గేటు దగ్గర నిలబెట్టి ఎవరైనా అడుగుతారా? పెర్సీ జాక్సన్ గురించి కూడా చెప్తాను. హీరోకు చదువుతుంటే అక్షరాలు తారుమారు అవుతాయి, ఒకచోట కుదురుగా కూర్చోలేడు. రచయిత రిక్ రియోర్డన్ కొడుక్కి అదే ఇబ్బంది ఉంటే, రాత్రిళ్లు వాడికి చెప్పిన కథ అది. మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే ఒకబ్బాయి మొత్తం చదివింది అదొక్కటే. వాడికి ఏ మహనీయుడూ అంత దగ్గరగా అనిపించలేదు.

సుబేదారి అమ్మ:
పదో క్లాసు పాపా, నువ్వు అడక్కండి అన్న ప్రశ్న నేను రోజూ అడిగేదే. ఇకనుంచి బంద్.

నర్సంపేట టీచరమ్మ:
ర్యాంకర్ నాన్న గారూ, నేను గవర్నమెంట్ బడిలో చెప్తాను. కథలు చదివే పిల్లలకు గణితంలో మాటల లెక్క ఇస్తే అడిగిందేంటో ముందు అర్థమవుతుంది, మిగతావాళ్లు అంకెలు ఏరుకుని కూడేస్తారు. ఇది నేను రోజూ చూస్తున్నదే. అయినా దీని గురించి వాదన పెట్టుకోను, మీ ఇష్టం.

కలాం గారి పుస్తకం పేరెత్తారు కాబట్టి చెప్తాను. ఇంగ్లీషులో వింగ్స్ ఆఫ్ ఫైర్ పేరుతో 1999లో వచ్చింది, తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడు గారి అనువాదం ఒక విజేత ఆత్మకథ. చాలామంది పిల్లలు మధ్యలో వదిలేస్తారు, ఎందుకంటే మధ్య భాగమంతా కమిటీలు, ప్రాజెక్టులు, అధికారుల పేర్లు. తప్పు పిల్లలది కాదు. నేను మొత్తం చదివించను. మొదటి అధ్యాయాలు చాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. పేపర్ కట్టలను నడుస్తున్న రైల్లోంచి విసిరేసేవాళ్లు. బంధువు షంషుద్దీన్‌కు ఆ కట్టలు అందుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది, అలా కలాం మొదటి సంపాదన. రైలు పోతుంటే కట్ట పట్టుకోవడం ఎలాగో మా బడి ప్రహరీ దగ్గర పిల్లలు ఆడి చూపించారు, ఇద్దరికి మోకాళ్లు చెక్కుకుపోయాయి, నాకు హెచ్‌ఎం గారి దగ్గర చీవాట్లు. అక్కడినుంచి నేరుగా 1979 ఆగస్టుకు తీసుకుపోతాను. కలాం బృందం రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 లేచింది, కొన్ని నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. మళ్లీ ఏడాదికి, 1980 జూలై 18న, రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. ఆ ఏడాదిలో ఏం జరిగి ఉంటుందో అడగండి, పదో తరగతి పిల్లలు గంట మాట్లాడతారు. పుట్టిన తేదీ ఎవరికి కావాలి?

మంచిర్యాల మల్లన్న:
టీచరమ్మ మాట నూటికి నూరు పాళ్లు నిజం. బాబుకు ‘జీవిత చరిత్ర’ అని చెప్పకండి అక్కా. ‘జైలు కథ’ అని చెప్పండి.

మన దాశరథి కృష్ణమాచార్య ఉన్నడు కదా, మానుకోట దగ్గర చిన్నగూడూరు. పోరగాళ్లకు పాఠంలో పద్యం వస్తది, కింద కవి పరిచయం నాలుగు లైన్లు వస్తది, అయిపోయింది. అసలు కథ చెప్పండి. నిజాం మీద పద్యాలు రాసినందుకు నిజామాబాదు ఖిల్లా జైల్లో ఏసిండ్రు. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోను ఇచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యం రాసిండు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నడు. తర్వాత 1949లో దాశరథి కవితల పుస్తకం అగ్నిధార అచ్చయితే ఆ ఆళ్వారుస్వామికే అంకితం. 

ఇగ ఆ ఆళ్వారుస్వామి కథ ఇంకా పెద్దది. ఇండ్లలో వంట పని చేసి బతికిన మనిషి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. పుస్తకాలు మోసుకుని ఊరూరు తిరిగి అమ్మిండు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చేతిలో కనబడితేనే అనుమానంగ చూసే రోజులవి. ఏ ఫాంటసీలో హీరోకు తక్కువ చెప్పండి? దాశరథి యాత్రాస్మృతి, వాళ్ల తమ్ముడు రంగాచార్య జీవనయానం, రెండు ఆత్మకథలూ ఉన్నయి. జీవనయానం పెద్ద పుస్తకం, మొత్తం పిల్లలకు బరువైతది. చిన్నప్పటి ఊరు, గడీలు, పోరాటం భాగాలు మీరు ముందు చదివి, వాటికి చీటీలు పెట్టి ఇయ్యండి.

అట్లనే సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన కొమురం భీం నవల. జోడేఘాట్ కొండలు, 1940 పోరు. మా దిక్కు పోరగాళ్లు అది చదివినంక ఆసిఫాబాద్ బస్సు ఎక్కి పోయి చూసొచ్చిండ్రు. అందులో హింస ఉంటది, పాపకు ఇప్పుడే వద్దు. బాబుకైతే సరిపోతది.

చందమామ పిచ్చోడు:
మల్లన్నా, జైలు కథ అని చెప్పడం బాగుంది! 

పాపకు ఇంకోటి. నాటిలస్ జలాంతర్గామి కెప్టెన్ నీమో తెలుసా అని అడగండి. జూల్స్ వెర్న్ ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ’ నవలలో వాడిది ఏ దేశమో చెప్పడు. సిలోన్ దగ్గర ముత్యాల కోసం మునిగే ఒక బీదవాణ్ణి సొరచేప నుంచి కాపాడి, ముత్యాల సంచీ చేతిలో పెడతాడు. ఎందుకంత జాలి అని చదివేవాడికి సందేహం. జవాబు కొన్నేళ్ల తర్వాత వచ్చిన ఇంకో నవల మిస్టీరియస్ ఐలాండ్‌లో. నీమో అసలు పేరు డక్కర్, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, 1857 తిరుగుబాటులో పోరాడి అన్నీ పోగొట్టుకున్నవాడు. ఫ్రెంచి రచయిత 150 ఏళ్ల కింద సృష్టించిన సముద్రాల వీరుడు మనవాడే అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మా పాపకు చెప్పగానే ముందు చివరి నవల చదివి, తర్వాత మొదటిది చదివింది. తలకిందులుగా, అయినా ఏం కాలేదు.

సుబేదారి అమ్మ:
ఇది నాకే తెలియదు. నాకే చదవాలని ఉంది ఇప్పుడు. ఇంకో రెండు సందేహాలు. హ్యారీ పోటర్ పన్నెండేళ్లకు ఇవ్వొచ్చా? భయపడుతుందా? ఆన్ ఫ్రాంక్ డైరీ ఎవరో పాపకు గిఫ్టుగా ఇచ్చారు, నేను బీరువాలో దాచేశాను, చివరికి ఏమైందో తెలుసు కాబట్టి మనసొప్పలేదు.

నర్సంపేట టీచరమ్మ:
హ్యారీ పోటర్ మొదటి మూడు భాగాలు నిశ్చింతగా ఇవ్వండి. నాలుగో దాంట్లోంచి చావులు మొదలవుతాయి, పుస్తకం లావు కూడా పెరుగుతుంది. ఏడాదికి ఒకటో రెండో చదివితే పిల్లల వయసూ, హ్యారీ వయసూ కలిసి నడుస్తాయి. ఒక్క సెలవుల్లో ఏడూ చదివిస్తేనే ఇబ్బంది.

ఆన్ ఫ్రాంక్ డైరీ దాచకండి, కాకపోతే ఒంటరిగా చదవనివ్వకండి. పదమూడో పుట్టినరోజుకు, 1942 జూన్ 12న, ఆ అమ్మాయికి డైరీ ఇచ్చారు. యూదులు కాబట్టి నాజీలకు చిక్కకుండా ఆ కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక భవనం వెనక భాగంలో రెండేళ్లు దాక్కుంది. పగలు కింద పనివాళ్లు ఉంటారు కాబట్టి గట్టిగా నడవకూడదు, నీళ్లు వదలకూడదు. అంత భయంలోనూ ఆ పిల్ల అమ్మ మీద కోపం, వాళ్లతోపాటు దాక్కున్న పీటర్ మీద ఇష్టం, తన గదిలోనే ఉన్న దంత వైద్యుడితో బల్ల కోసం గొడవ అన్నీ రాసింది. మీ పాప వయసు పిల్ల రాసిన మాటలే కదా. ఆఖరి పేజీ 1944 ఆగస్టు 1. ఆ తర్వాత సంగతి డైరీలో ఉండదు, అది మీరు పక్కన కూర్చుని చెప్పాలి. వాళ్ల నాన్న ఒక్కడే బతికి వచ్చి 1947లో అచ్చు వేయించాడు. చందమామ మొదలైంది కూడా ఆ ఏడాదే, జూలైలో. ఊరికే గుర్తొచ్చింది, సంబంధం ఏం లేదు.

ఇంకో మాట. టోల్కీన్ హాబిట్ అనే ఫాంటసీ నవల రాసినప్పుడు ప్రచురణకర్త దాన్ని తన పదేళ్ల కొడుకు రేనర్‌కు ఇచ్చి ఎలా ఉందో రాయమన్నాడు. రాసినందుకు ఒక షిల్లింగు కూలి. వాడు బాగుందని రాశాడు, 1937లో పుస్తకం వచ్చింది. నేను ఇదే పద్ధతి పెట్టాను. పుస్తకం చదివి ‘వేరేవాళ్లకు ఇవ్వొచ్చా, వద్దా, ఎందుకు’ అని రాస్తే పది రూపాయలు. నీతి రాస్తే ఇవ్వను! ఒకడు ‘బోరు, హీరో ఏడుస్తూనే ఉంటాడు, మా చెల్లెకు ఇవ్వండి’ అని రాశాడు. వాడికి వెంటనే ఇచ్చేశాను.

కోట దర్వాజా:
ఓరుగల్లు వాళ్లు మాట్లాడుతూ అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి నవల పేరు ఎవరూ ఎత్తకపోవడం ఏంటి? రుద్రమదేవి కాలం, పైకి గజదొంగలా కనిపిస్తూ లోపల రాజ్యం కోసం పని చేసే వీరుడు. బాబుకు ఇంతకంటే ఏం కావాలి? చదివించి ఒక ఆదివారం కోటకు తీసుకుపోండి. కీర్తి తోరణాల దగ్గర ఫొటో దిగి వెనక్కి రావడం కాదు, రాతి కోట దాటి బయటి మట్టి కోట దాకా నడిపించండి. ఆ కట్ట ఎక్కి చూస్తే శత్రువు ఎటునుంచి రావాలో, కందకం ఎందుకు తవ్వారో పిల్లలే చెప్తారు.

కాజీపేట జంక్షన్:
దర్వాజా అన్నా, పుస్తకం గొప్పదే, కాదనను. కాని కూడబలుక్కుని చదివే పిల్లగానికి అది ఇస్తే మొదటి వర్ణన దగ్గరే ఆగిపోతడు. నేను ఇంటర్‌లో చదివిన, అప్పుడు కూడా కొన్ని పేజీలు దాటేసుకుంటూ పోయిన.

కోట దర్వాజా:
దాటేస్తే ఏమైంది తమ్మీ? పెద్దవాళ్లు గట్టిగా చదివి వినిపించండి, వర్ణన వచ్చినప్పుడు మీరే కుదించండి. మా అమ్మమ్మ మాకు కాశీమజిలీ కథలు అట్లనే చదివేది. నిద్ర వచ్చినోడు పడుకునేటోడు, మిగిలినోడు వినేటోడు.

కాజీపేట జంక్షన్:
చదివి వినిపించడానికి సరే. ఒప్పుకున్నా.

పదో క్లాసు పిల్ల:
జీవిత చరిత్రల్లో అమ్మాయిలు ఎక్కడ అండి? అందరూ ముసలాయనలే చెప్తున్నారు. మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. గురుకులంలో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అదీ టిబెట్ వైపు నుంచి. తర్వాత ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది. నాకు రాళ్లంటే భయం, గుట్ట కింద నిలబడితేనే టెన్షన్, కాని తన గురించి ఏది కనబడ్డా చదువుతాను.

నర్సంపేట టీచరమ్మ:
నిజమే బిడ్డా. మా బడిలో కూడా ఆడపిల్లలు ముందు అడిగేది పూర్ణ గురించే. చలికి వేళ్లు ఏమవుతాయి, అక్కడ బాత్రూం ఎలా, ఇవీ వాళ్ల ప్రశ్నలు. పెద్ద పుస్తకాలు వాటికి జవాబు చెప్పవు.

సుబేదారి అమ్మ:
ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి. మా బాబు బడిలో లైబ్రరీ ఉంది, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

చందమామ పిచ్చోడు:
హన్మకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది కదా అక్కా, 1904 నాటిది. పాత పుస్తకాలకు ముందు అక్కడ అడగండి. చిన్నపిల్లల తెలుగు పుస్తకాలకు ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చూడండి, ధర తక్కువ, అక్షరాలు పెద్దవి, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి పిల్లల నవలలు కూడా వేశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు మరీ చవక. ఫోన్‌లో అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, చదవడం కష్టమయ్యే పిల్లలకు స్థాయిల వారీగా ఉంటాయి. డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పొద్దున్న రైలుకు పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు, సంచులు మాత్రం గట్టివి తీసుకెళ్లండి.

ర్యాంకర్ నాన్న:
మా వాడు ఈ పోస్టులన్నీ నా వెనక నిలబడి చదివాడు. ఆ పీపాలో పిల్లగాడి పుస్తకం సంక్షిప్తం ఎవరిది బాగుంటుంది? ఫౌండేషన్ క్లాసులు మాత్రం మానడు.

కాజీపేట జంక్షన్:
మానొద్దు సార్, ఎవరు మానమన్నరు. ఏ సంక్షిప్తం అయినా కొనేముందు ఆపిల్ పీపా అధ్యాయం తీసి చూడండి. రెండు ముక్కల్లో తేల్చేస్తే అది వదిలేసి ఇంకోటి చూడండి.

సుబేదారి అమ్మ:
బాబుకు దాశరథి కథ రాత్రి చెప్పాను. మొత్తం విని ‘బొగ్గు ఎంత ఇచ్చేవాళ్లు రోజుకు?’ అన్నాడు. నాకేం తెలుసు! యాత్రాస్మృతిలో ఉందేమో వెతుకుతానన్నాడు. పాప మాత్రం మిస్టీరియస్ ఐలాండ్ కావాలని కూర్చుంది, షాపులో లేదు, ఆర్డర్ పెడితే వారం పడుతుందట. ఎవరి దగ్గరైనా ఉందా?

చందమామ పిచ్చోడు:
నా దగ్గర ఉంది. అట్ట లేదు, పేజీలన్నీ ఉన్నాయి. బదులుగా మీ పెర్సీ జాక్సన్ మూడో భాగం ఇవ్వండి, మా పాప దగ్గర అది ఒక్కటే లేదు. ఆదివారం పొద్దున పదింటికి భాషా నిలయం దగ్గర కలుద్దాం.

పదో క్లాసు పిల్ల:
నేనూ వస్తాను. మూడో భాగం నేను కూడా చదవాలి, ముందు నాకు.